అమ్మమ్మ పట్టకారు, కరెంటు సూది

మా కంకిపాడు ఇంట్లో అద్దం పక్కన మేకుకి ఓ చిన్న పట్టకారు వేలాడుతుండేది. మా అమ్మమ్మకి కంటిరెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి గుడ్డుని గీరుతుండేవి. పదిహేను రోజులకోసారి వాకిట్లో ఎండకి కూర్చుని, "ఒరేయ్, నీ చూపు మంచిది, ఇటు రా" అని నాచేత పీకించుకునేది. కొన్నాళ్ళు హాయి, మళ్ళీ మొలిచేవి. మన భాషలో చెప్పాలంటే బగ్ అలాగే ఉంది, సర్వర్ రీస్టార్ట్ చేస్తున్నామన్నమాట.

మొన్న సంక్రాంతికి వెళ్తే మా పిన్ని కూతురు మెల్లగా అడిగింది. "అన్నయ్యా, గడ్డం మీద వెంట్రుకలు కరెంటుతో తీస్తే మళ్ళీ రావంట, నిజమేనా?" పెళ్ళిచూపులు దగ్గరికొచ్చాయి, పిల్ల భయం పిల్లది. ఇంజనీరింగు చదివినవాణ్ణి కదా అని తవ్వడం మొదలుపెడితే, కథ తిరిగి తిరిగి అమ్మమ్మ కంటి దగ్గరికే వచ్చింది!

ఎలక్ట్రోలిసిస్ పుట్టింది అందం కోసం కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ ఊళ్ళో చార్లెస్ మిషెల్ అని ఓ కంటి డాక్టరు ఉండేవాడు. లోపలికి తిరిగిన రెప్పవెంట్రుకల కుదుళ్ళలోకి సన్నటి సూది దింపి, బ్యాటరీ కరెంటు పంపి, మళ్ళీ మొలవకుండా చేశానని 1875లో ప్రకటించాడు. ఈ జబ్బునే మన సుశ్రుతుడు పక్ష్మకోపం అన్నాడు. కోతకి లొంగకపోతే నిప్పుతోనో క్షారంతోనో కాల్చమన్నాడు. తమాషా ఏంటంటే, మిషెల్ సూది చేసేదీ క్షారమే. సూది నెగటివ్, రోగి చేతిలోది పాజిటివ్. చర్మంలోని ఉప్పునీళ్ళు విడిపోయి సూది చుట్టూ కాస్టిక్ సోడా తయారవుతుంది, అదే కుదుర్ని కాల్చేస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో చదివి మర్చిపోయిన ఫారడే సూత్రమే ఇది.

కంటి నుంచి ఈ సూది ఆడవాళ్ళ ముఖానికి పాకింది. చిక్కల్లా ఒకటే, ఒక్కో వెంట్రుకకీ ఒక్కో సూదిపోటు. 1916లో పాల్ క్రీ ఒకేసారి చాలా సూదులు వాడే యంత్రం తెచ్చాడు. అయినా నెలలు పట్టేది. సిగ్గుకి అంత ఓపిక ఉండదు కదా! 1920ల్లో అమెరికాలో ట్రైకో అనే ఎక్స్‌రే పద్ధతి వచ్చింది. నొప్పి లేదు, వెంట్రుకలు రాలిపోయేవి. కొన్నేళ్ళకి చర్మం ముడతలుపడి పుళ్ళు, తర్వాత క్యాన్సర్లు. 1930 ప్రాంతంలో కోరెమ్లు అనే క్రీమ్ వచ్చింది. అందులో ఉన్నది థాలియం, అంటే ఎలుకల మందు. రాసుకున్నవాళ్ళకి నరాలు దెబ్బతిన్నాయి, కొందరికి చూపు పోయింది. చూపు కాపాడ్డానికి మొదలైన కథ ఎక్కడికొచ్చి చేరిందో చూడండి. అప్పటికి అక్కడ సౌందర్య సాధనాల మీద ప్రభుత్వానికి అజమాయిషీ లేదు, 1938 చట్టంతో గానీ రాలేదు.

నెమ్మదైన సూది మాత్రం నిలబడింది. 1924లో ఫ్రాన్సు డాక్టరు అన్రీ బోర్డియే హై ఫ్రీక్వెన్సీ కరెంటు వేడితో కుదుర్ని కాల్చే పద్ధతి తెచ్చాడు. రెండూ కలిపిన బ్లెండ్ పద్ధతికి 1948లో పేటెంటు వచ్చింది. ఇవాళ వీధికో లేజర్ బోర్డు ఉంది గానీ, అమెరికా ఎఫ్‌డీఏ లేజర్ని "శాశ్వతంగా తగ్గించేది" అంటుందే తప్ప తీసేసేది అనదు. లేజర్‌కి వెంట్రుకలో నలుపు కావాలి, తెల్లవెంట్రుక మీద పనిచేయదు. సూదికి ఆ పేచీ లేదు.

చెల్లాయికి చెప్పింది ఇంతే. ముందు డాక్టరుకి చూపించుకో, హార్మోన్ల తేడా, పీసీఓఎస్ లాంటివి ఉంటే అసలు కారణం అక్కడుంటుంది. తర్వాత నీకు కావాలనిపిస్తే, చేతిపని తెలిసినవాళ్ళ దగ్గర, కొత్త సూదితో, నెలల తరబడి ఓపిగ్గా చేయించుకో. పెళ్ళిచూపుల తారీఖుని డెడ్‌లైన్ చేసుకోకు. తొందరపడ్డవాళ్ళ చరిత్ర పైన చెప్పాను కదా.

అమ్మమ్మలాంటివాళ్ళ రెప్పల్ని ఎక్కువగా పాడుచేసింది ట్రకోమా. ప్రజారోగ్య సమస్యగా అది మన దేశంలో లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. మా బందరు రోడ్డు మీద తాడిగడపలోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వచ్చింది, 2011లో. అప్పటికి అమ్మమ్మ లేదు.

అమ్మమ్మది నొప్పి, దానికి మందు కనిపెట్టారు. చెల్లాయిది భయం, అది మనం పెట్టింది. ఇంతకీ చూసుకోడానికొచ్చే పెళ్ళికొడుకూ పొద్దున్నే గడ్డం గీసుకునే వస్తాడు, మరి ఆయన్నెవరూ అడగరేం?