కోలారు గనుల రైలుమార్గాలు: చిత్రాలలోను, నమూనాలోను

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా చరిత్ర విభాగం పక్షాన ఏర్పాటు గావించిన ప్రదర్శనలో పాత ఛాయాచిత్రాలు గోడలను అలంకరించగా, విద్యార్థులు తయారుచేసిన రైలుమార్గ నమూనా గది మధ్య నాలుగు బల్లలను ఆక్రమించింది. సందర్శకులు చిత్రాలను ఒకసారి కలయజూచి నమూనా చుట్టూ మూగడం సహజమే. కదిలే బొమ్మకున్న ఆకర్షణ గోడమీది బొమ్మకు ఉండదు గదా! అయితే ఆ రెండింటినీ పక్కపక్కన పరిశీలించినప్పుడు, ఈ ప్రాంత చరిత్రలో దేనికి చోటు దక్కిందో, దేనికి దక్కలేదో నాకు తెలిసివచ్చింది. ఆ సంగతిని ఈ సంచిక పాఠకులకు విన్నవించుకుంటాను.

మద్రాసు రైల్వే కంపెనీవారు జోలార్‌పేట నుండి బెంగుళూరు దండు వరకు వేసిన మార్గం 1864లో ప్రారంభమైంది. ఆ దారిలోని ఒక స్టేషనుకు నాటి మైసూరు కమిషనరు లెవిన్ బౌరింగ్ పేరు పెట్టి బౌరింగుపేట అన్నారు. అదే నేటి బంగారుపేట. దొరగారి పేరు మరుగునపడి బంగారం పేరు నిలవడం ఈ జిల్లాకు తగినట్టే ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగప్రవేశం చేసిన పిమ్మట గనులు పుంజుకున్నాయి. భారీ యంత్రాలు, బొగ్గు, కలప చేరవేయడానికి బండిదారులు చాలలేదు. అందువల్ల మైసూరు సంస్థానం వ్యయంతో బౌరింగుపేట నుండి మారికుప్పం వరకు పది మైళ్ల బ్రాడ్‌గేజి శాఖ నిర్మితమై 1894లో తెరవబడింది. దానిని నడిపే బాధ్యత మద్రాసు రైల్వేది. కోరమాండల్, ఉరిగాం, ఛాంపియన్ అనే స్టేషన్ల పేర్లు గనులతో ముడిపడినవే. 1902లో శివనసముద్రం నుండి విద్యుత్తు వచ్చి గనుల యంత్రాలను తిప్పనారంభించింది.

జిల్లాకు రెండవ మార్గం కూడా ఉండేది. బౌరింగుపేట నుండి కోలారు, చింతామణి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి మీదుగా యశ్వంతపురం వరకు రెండడుగుల ఆరంగుళాల నేరోగేజి పట్టాలు 1910-20 దశకంలో దశలవారీగా పడ్డాయి. మొదటిది గనుల కోసం, రెండవది రైతు కోసం అంటే పెద్ద పొరపాటు కాబోదు. ఆ చిన్న బండి ఇప్పుడు లేదు. బంగారుపేట-కోలారు మధ్య బ్రాడ్‌గేజి 1990ల చివరకు వచ్చింది. కోలారు-చిక్కబళ్లాపురం భాగం 2013లో గాని తిరిగి తెరుచుకోలేదు.

ఇక నమూనా విషయం. విద్యార్థులు 87వ వంతు కొలతను ఎంచుకున్నారు. ప్రపంచమంతటా బొమ్మ రైళ్ల అభిరుచి గలవారు అధికంగా వాడేది అదే. అక్కడే మొదటి చిక్కు ఎదురైంది. బజారులో దొరికే ఆ కొలత పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపాలోని 1435 మిల్లీమీటర్ల మార్గానికి సరిపోయేది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు గనుక 19.3 ఉండాలి. చూపరులకు తేడా కనిపించదు గాని, లెక్కల మాస్టారు ఊరుకుంటారా! పట్టాల పక్కన చీటీ అంటించి తప్పు ఒప్పుకున్నాము. చిత్రమేమంటే నేరోగేజికి ఈ ఇబ్బంది లేదు. 762ను 87తో భాగిస్తే 8.76 వస్తుంది. 9 మిల్లీమీటర్ల బొమ్మపట్టాలు దానికి దాదాపు సరిపోయాయి. నేలమీద లేకుండా పోయిన మార్గమే బల్లమీద నిజానికి దగ్గరగా అమరింది.

దూరం మాత్రం కుదించక తప్పలేదు. పదహారు కిలోమీటర్లను అదే కొలతలో పరిస్తే 184 మీటర్లు. అంటే రైలు గది దాటి, ఆటస్థలం దాటి, వీధిలోకి పోవాలి!

ప్రదర్శన రెండవ రోజున పూర్వం గనిలో పనిచేసిన ఒక పెద్దాయన మనుమరాలి చేయి పట్టుకొని వచ్చాడు. స్టేషన్లను, అట్టతో చేసిన సైనైడ్ దిబ్బలను, షాఫ్టు మీది ఇనుప గోపురాన్ని శ్రద్ధగా చూశాడు. ఆపైన వంగి బల్లకింద చూశాడు. "మీద అంతా బాగుండాది సార్. లోపల యాడ?" అన్నాడు.

నాకు సమాధానం తోచలేదు. ఆ రాత్రి లెక్క కట్టాను. ఛాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3,200 మీటర్లు. 87వ వంతుకు 37 మీటర్లు. ఆ నమూనా పూర్తి కావాలంటే బల్లకింద నూట ఇరవై అడుగుల బావి తవ్వాలి. ఆ లోతులోనూ పట్టాలున్నాయి. ఖనిజం నింపిన తొట్లు వాటిమీద షాఫ్టు దాకా వచ్చి పైకి చేరేవి. నూరేళ్లకు మించి సాగిన శ్రమలో సుమారు 800 టన్నుల బంగారం వెలికివచ్చింది. మేము నమూనా చేసింది బండి ఆగే చోటు వరకే. మనుషులు దిగిన చోటు అందులో లేదు.

గోడమీది చిత్రాలను మరల చూస్తే వాటిదీ అదే తీరు. ఇంజన్లు, వంతెనలు, టోపీ దొరలు స్పష్టంగా ఉన్నారు. పనివారు ఎక్కడో వెనుక వరుసలో, చలిమిడి ముద్దల్లా కలిసిపోయి ఉన్నారు. మైసూరులో 1979లో ఏర్పడిన రైలు మ్యూజియంలో ఛాయాచిత్రాలకు ప్రత్యేకశాల ఉంది. పూనాలో జోషీగారి బుల్లి రైళ్ల ప్రదర్శనశాల 1998లో వెలసింది. రెండూ తప్పక చూడదగినవి. కాని మన ఇళ్లలోని పెట్టెల్లో ఉన్నవి అక్కడ దొరకవు. ప్రదర్శనలో నాకు అన్నిటికంటె ప్రియమైనది నేరోగేజి పెట్టె ముందు నిలిచిన ఒక పెళ్లివారి చిత్రం. అందులో రైలు సగమే పడింది, మనుషులు మాత్రం పూర్తిగా ఉన్నారు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మారికుప్పం శాఖ మూతపడలేదు. తెల్లవారకముందే ఆ బండి ఎక్కి బెంగుళూరు పనులకు పోయి, చీకటిపడ్డాక తిరిగివచ్చే వారు వేలమంది. వారిలో మన పూర్వ విద్యార్థులు అనేకులు. యంత్రాలను గనికి తెచ్చేందుకు వేసిన దారి గనివారి పిల్లలను బయటికి తీసుకుపోతున్నది. ఆ ఉదయపు బండిని, అందులోని మనుషులను ఎవరైనా చిత్రం తీసి ఉంచారా?

ఉన్నవారు దయచేసి పాఠశాల కార్యాలయానికి చేర్చగలరు. నకలు తీసుకొని అసలు తిరిగి ఇస్తాము. చిత్రం వెనుక మనుషుల పేర్లు, స్టేషను, సంవత్సరం పెన్సిలుతో వ్రాయండి. సిరా అయితే కొంతకాలానికి ముందువైపుకు ఊరుతుంది. నమూనా బల్లకింద ఖాళీ గోడ ఒకటి ఉంది. వచ్చిన చిత్రాలను అక్కడ, పైనుండి కిందికి, అతికించాలని విద్యార్థులు నిశ్చయించుకున్నారు.