పతకాల లెక్కకు అందని క్రీడాచరిత్ర: నందనూరి ముఖేశ్ కుమార్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదుకు చెందిన హాకీ క్రీడాకారుడు నందనూరి ముఖేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్‌లో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు. ఒలింపిక్ పతకం లేని కాలంలో ఆడిన ఈ క్రీడాకారుని కృషిని, ఆటలోనూ మైదానంలోనూ వచ్చిన మార్పులతో కలిపి అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హాకీ, ఒలింపిక్స్, కృత్రిమ మైదానం, హైదరాబాదు, దక్షిణ తెలంగాణ.

1. ఉపోద్ఘాతం:
భారత పురుషుల హాకీ జట్టు 1928 ఆమ్‌స్టర్‌డామ్ నుంచి 1980 మాస్కో వరకు ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు సాధించింది. ఆ తరువాతి పతకం 2021లో టోక్యోలో దక్కిన కాంస్యం. నడుమ గడిచినవి 41 సంవత్సరాలు. పతకాల పట్టికనే ఆధారంగా తీసుకునే చరిత్ర ఈ కాలాన్ని ‘పతనం’ అనే ఒక్క మాటతో ముగిస్తుంది. ముఖేశ్ కుమార్ ఆడినది సరిగ్గా ఈ కాలంలోనే. కాబట్టి అతని స్థానాన్ని నిర్ణయించడానికి వేరే కొలమానం అవసరం.

2. మారిన మైదానం, మారిన నియమం:
1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని తొలిసారిగా కృత్రిమ మైదానం మీద ఆడారు. భారత జట్టు ఏడవ స్థానంలో నిలిచింది. పచ్చిక నేల మీద బంతిని స్టిక్‌కు అంటిపెట్టుకొని ఆటగాళ్ళను తప్పించుకుంటూ సాగే నేర్పు మన ఆటకు ప్రాణం. కొత్త నేల వేగాన్ని, దేహదారుఢ్యాన్ని, పెనాల్టీ కార్నర్ నైపుణ్యాన్ని ముందుకు తెచ్చింది. దీనికి తోడు ఆఫ్‌సైడ్ నియమాన్ని 1996లో ప్రయోగాత్మకంగా, 1998లో శాశ్వతంగా తొలగించారు. బార్సిలోనాలో ఆ నియమానికి లోబడి ఆడిన ముఖేశ్, సిడ్నీ నాటికి అది లేని ఆట ఆడవలసి వచ్చింది. దాడిచేసే ఆటగాడు ఎక్కడ నిలబడాలన్నదే మారిపోయింది. ఆ మార్పుకు ఇటూ అటూ జట్టులో స్థానం నిలుపుకోవడం అతని ప్రతిభకు గట్టి నిదర్శనం.

3. క్రీడాజీవితం:
ముఖేశ్ 1970 ఏప్రిల్ 16న హైదరాబాదులో జన్మించాడు. ఫార్వర్డ్‌గా ధన్‌రాజ్ పిళ్ళై వంటి వారితో కలిసి ఆడాడు. అతడు పాల్గొన్న మూడు ఒలింపిక్స్‌లో భారత జట్టు స్థానాలు ఇవి: 1992 బార్సిలోనాలో ఏడు, 1996 అట్లాంటాలో ఎనిమిది, 2000 సిడ్నీలో ఏడు.

ఈ అంకెలు ఎంత చెప్పగలవో సిడ్నీ చూపుతుంది. పోలండ్‌తో జరిగిన లీగ్ మ్యాచ్‌లో భారత జట్టు ఆధిక్యంలో ఉండగా, ఆట ముగియడానికి రెండు నిమిషాలలోపు ప్రత్యర్థి గోల్ చేసింది. మ్యాచ్ 1-1తో సమమైంది, సెమీఫైనల్ చేజారింది. ‘ఏడవ స్థానం’ అనే నమోదులో ఆ రెండు నిమిషాలకు చోటు లేదు.

1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల స్వర్ణం ఈ తరం సాధించిన ఘనవిజయం. దక్షిణ కొరియాతో ఫైనల్ పెనాల్టీ స్ట్రోకుల దాకా వెళ్ళింది. 1966 తరువాత, 32 ఏళ్ళకు దక్కిన స్వర్ణమిది. ముఖేశ్‌కు 1995లో అర్జున పురస్కారం, 2003లో పద్మశ్రీ లభించాయి.

4. నగరం - మెట్టప్రాంతం:
కృత్రిమ మైదానం ఆటతీరునే కాదు, ఆట భౌగోళికతనూ మార్చింది. పచ్చిక హాకీకి చదునైన నేల చాలు. కొత్త హాకీకి భారీ పెట్టుబడి, తడిపి ఆడే మైదానమైతే సమృద్ధిగా నీరు కావాలి. 2003 ఆఫ్రో ఆసియా క్రీడలకు, 2005లో తొలి ప్రీమియర్ హాకీ లీగ్‌కు గచ్చిబౌలి వేదిక కాగలిగింది. ఆ లీగ్ విజేత కూడా హైదరాబాద్ సుల్తాన్సే. నగరానికి వంద కిలోమీటర్ల దూరంలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్ర వేరు. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిన పల్లెలు ఒకవైపు, పనికోసం వలసపోయిన పాలమూరు కూలీలు మరొకవైపు. తాగునీటికే పోరాడిన నేలమీద తడిపే మైదానం ఊహకు అందనిది. పల్లెల్లో ప్రతిభ లేదనడానికి వీలులేదు. భారత మహిళా జట్టు గోల్‌కీపర్‌గా ఆడిన ఎతిమరపు రజని అప్పటి చిత్తూరు జిల్లా పల్లె నుంచే వచ్చింది.

5. ముగింపు:
• ముఖేశ్ కుమార్ ఘనత పతకాల సంఖ్యలో కాక, మారుతున్న ఆటలో మూడు ఒలింపిక్స్ దాకా నిలిచిన కొనసాగింపులో ఉంది.
• ఒక ప్రాంతం నుంచి క్రీడాకారులు రాకపోవడాన్ని ప్రతిభాలోపంగా కాక, నేల, నీరు, వసతుల చరిత్రగా చదవాలి.
• క్రీడాకారుని జీవితచరిత్రతోపాటు మైదానాల చరిత్రనూ రాసినప్పుడే తెలంగాణ క్రీడాచరిత్ర సమగ్రమవుతుంది.