ఫిరంగి గొట్టం నుంచి రాకెట్ గొంతు దాకా

సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా పోయే రోడ్డు శ్రీహరికోటకు చేరుస్తుంది. రాకెట్ లేచే రోజున ఊళ్లో జనం మేడలెక్కి చూస్తారు. ఆ రాకెట్ లోపలి గోడలను అంతకు ముందే అంగుళం అంగుళం పరిశీలించినవాళ్ల పని మాత్రం ఎవరి కంటా పడదు. దేశం గుర్తుపెట్టుకోవాల్సిన పనుల్లో అదొకటి. దాని మూలాలు ఫిరంగుల కాలంలో ఉన్నాయి.

1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం హైదరాబాదులో ఫిరంగులు పోతపోయించాడు. ఆ పేటను ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అనే పిలుస్తారు. పోత ఫిరంగుల రోజుల్లో పాశ్చాత్య ఆయుధశాలల తనిఖీదారులు అద్దంతో ఎండను గొట్టంలోకి మళ్లించి చూసేవారు. ఎండ లేనప్పుడు కొవ్వొత్తి వెలిగించి లోపలికి పంపేవారు. కంటికి ఆనని గుంటల కోసం చివర ఉక్కు మొనలున్న కడ్డీని లోపల మెల్లగా తిప్పేవారు. మొన ఎక్కడ తట్టుకుంటే అక్కడ లోపం ఉన్నట్టే. ఆ చోట మెత్తని పదార్థంతో అచ్చు తీసి లోతు కొలిచేవారు.

1884లో ఫ్రాన్సులో వియే పొగరాని మందుగుండు కనిపెట్టాక గొట్టాలకు అసలు గడ్డుకాలం మొదలైంది. వేడి వాయువులు ఉక్కును తినేస్తాయి. గొట్టం లోపలి మెలిగాడులు మొదలయ్యే చోటే అరుగుదల ఎక్కువ. అది ముదిరితే గుండు వేగం తగ్గుతుంది, గురి తప్పుతుంది. కటకాలు అమర్చిన బోర్‌స్కోప్ వచ్చాక లోపలి బీటలు కనిపించాయి గానీ, వాటి లోతు చెప్పడం చూసేవాడి అనుభవం మీదే ఆధారపడింది.

ఆ కొరతను లేజర్ తీర్చింది. 1960లో మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన పరికరంలో చిన్న తల గుండ్రంగా తిరుగుతూ గొట్టంలో ముందుకు సాగుతుంది. గోడపై కాంతిచుక్క పడుతుంది. పక్కనున్న గ్రాహకం దాన్ని ఏటవాలుగా చూస్తుంది. గోడ అరిగి ఉంటే చుక్క కాస్త పక్కకు జరుగుతుంది, ఆ జరుగుడే లోతును చెబుతుంది. చివరికి గొట్టం లోపలి భాగమంతా తెరమీద పటంగా పరుచుకుంటుంది.

రాకెట్ మోటారు లోపల చూడాల్సిన శ్రీహరికోట సమస్య ఇంకా కష్టమైనది. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి లేచిన తొలి రోహిణి చిన్న సౌండింగ్ రాకెట్. 1980లో విజయం సాధించిన ఎస్ఎల్‌వీ-3 మొదటి దశలో ఘన ఇంధనం దాదాపు 9 టన్నులు. పీఎస్ఎల్‌వీకి వచ్చేసరికి అది 138 టన్నులు దాటింది, మోటారు ఐదు ఖండాలైంది. ఎల్‌వీఎం-3కి ఇరుపక్కలా ఉండే ఎస్200 మోటార్లలో ఒక్కోదాంట్లో 200 టన్నుల పైమాటే. దాని మధ్య ఖండం ఒక్కటే దాదాపు 97 టన్నులు.

ఉక్కు కవచంలో మధ్యన అచ్చు నిలిపి, రబ్బరు లాంటి ఇంధన మిశ్రమాన్ని చుట్టూ పోసి, గట్టిపడ్డాక అచ్చును పైకి లాగుతారు. మిగిలిన ఖాళీయే మంట దారి. ఇంధనంలో బీట ఉంటే మంటకు అదనపు ఉపరితలం దొరికి పీడనం హఠాత్తుగా పెరుగుతుంది. కవచానికీ ఇంధనానికీ మధ్య అతుకు విడితే మంట ఉక్కునే తాకుతుంది. లేజర్ పైపొరనే చూడగలదు. లోపలి బుడగను, విడిన అతుకును పట్టాలంటే అంత మందాన్ని చీల్చుకుపోయే ఎక్స్-కిరణాలు కావాలి. అందుకే ఇక్కడ లీనియర్ యాక్సిలరేటర్‌తో ఖండాలను పరీక్షిస్తారు. ఖండాల కలయిక దగ్గర ఏమరుపాటు ఎంతటి ఘోరం చేస్తుందో 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రమాదం చూపించింది. అక్కడ ఓడిపోయింది ఒక రబ్బరు వలయం.

అరుగుదల సంగతికొస్తే, ఫిరంగి వందల గుండ్లు పేల్చాక అరుగుతుంది, మధ్యలో ఆపి కొలవొచ్చు. రాకెట్ నాజిల్ గొంతు, అంటే మంట బయటికి దూసుకొచ్చే ఇరుకు చోటు, ఒకే ఒక్క మంటలో, రెండు నిమిషాల్లో అరిగిపోతుంది. ఆ అరుగుదలను ముందే లెక్కగట్టి కార్బన్-ఫినాలిక్ పొర మందాన్ని నిర్ణయిస్తారు. లెక్క సరైందో కాదో మోటారును నేలమీద కట్టేసి మండించాకే తేలుతుంది. ఎస్200కి ఆ పరీక్ష 2010 జనవరి 24న శ్రీహరికోటలో జరిగింది. మనుషులను మోసుకెళ్లాల్సిన గగన్‌యాన్ కోసం మార్చిన హెచ్ఎస్200ను 2022 మే 13న అక్కడే 135 సెకన్లు మండించారు. ఆ కొద్ది వ్యవధిలో దాదాపు 700 కొలతలు నమోదయ్యాయి.