విద్యుత్ నిరోధం, సామర్థ్యాల గణన

విద్యుత్ వలయంలోని ఒక సాధనం రెండు కొనల మధ్యనున్న వోల్టేజిని, దాని గుండా ప్రవహించే కరెంటును కొలిచి, ఆ సాధనపు నిరోధాన్ని, అది వినియోగించుకునే సామర్థ్యాన్ని లెక్కకట్టవచ్చు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే సామర్థ్యం లభిస్తాయి. అయితే ఈ విధంగా లభించిన విలువలు కొలతలు తీసుకున్న స్థితికి మాత్రమే చెందుతాయి. వోల్టేజి గాని, ఉష్ణోగ్రత గాని మారితే అవి కూడా మారవచ్చు.

రాశులు - ప్రమాణాలు

* వోల్టేజి (పొటెన్షియల్ భేదం): ఒక కూలుంబు ఆవేశం ఒక కొన నుండి మరొక కొనకు చేరడంలో జరిగే పని. ప్రమాణం వోల్టు.
* కరెంటు (విద్యుత్ప్రవాహం): వాహకపు అడ్డుకోత గుండా ఒక సెకనులో ప్రవహించే ఆవేశం. ప్రమాణం ఆంపియర్.
* నిరోధం: విద్యుత్ప్రవాహానికి వాహకం కలిగించే ఆటంకం. ప్రమాణం ఓమ్. ఒక వోల్టు వద్ద ఒక ఆంపియర్ ప్రవహిస్తే నిరోధం ఒక ఓమ్.
* సామర్థ్యం: ఒక సెకనులో వినియోగమయ్యే శక్తి. ప్రమాణం వాట్.

చరిత్ర

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించాడు. కొలోన్ నగరంలోని ఒక పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధిస్తూ విద్యుత్తుపై ప్రయోగాలు చేశాడు. ఆనాటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండేది కాదు. అందువలన ఆయన రెండు లోహాల సంధులను వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద ఉంచి విద్యుత్తును పుట్టించే ఉష్ణయుగ్మాన్ని ఉపయోగించాడు. ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్న లోహపు తీగలో కరెంటు వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుందన్న నియమాన్ని 1827లో గ్రంథరూపంలో ప్రకటించాడు. దీనినే ఓమ్ నియమం అంటారు. ఆయనకు 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ప్రదానం చేసింది. అదే సంవత్సరం ఇంగ్లండుకు చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని ప్రకటించాడు.

సూత్రాలు

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు
సామర్థ్యం = వోల్టేజి × కరెంటు

ఒక్కొక్క కూలుంబు చేసే పనిని, సెకనుకు ప్రవహించే కూలుంబుల సంఖ్యతో గుణిస్తే సెకనుకు జరిగే పని వస్తుంది. రెండవ సూత్రానికి ఇదే ఆధారం. ఈ రెండు సూత్రాలను కలిపితే మరి రెండు లభిస్తాయి.

సామర్థ్యం = కరెంటు × కరెంటు × నిరోధం
సామర్థ్యం = వోల్టేజి × వోల్టేజి ÷ నిరోధం

కొలిచే పద్ధతి

అమ్మీటరును సాధనంతో శ్రేణిలోను, వోల్టుమీటరును సాధనానికి సమాంతరంగాను కలపాలి. అమ్మీటరు నిరోధం చాలా స్వల్పం కనుక దానిని బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య నేరుగా కలిపితే అధిక కరెంటు ప్రవహించి పాడైపోతుంది. విద్యార్థులు ఈ ప్రయోగాన్ని టార్చిలైటు ఘటాలతోనే చేయాలి. ఇంటి సరఫరాతో చేయడం ప్రాణాపాయకరం.

ఉదాహరణ: ఒక తీగచుట్ట కొనల మధ్య 6 వోల్టులు, దానిలో 0.5 ఆంపియర్ ఉన్నాయనుకుంటే, నిరోధం 6 ÷ 0.5 = 12 ఓమ్‌లు. సామర్థ్యం 6 × 0.5 = 3 వాట్లు.

వోల్టేజి తగ్గినప్పుడు

230 వోల్టుల వద్ద 1000 వాట్లు వినియోగించే నీటి హీటరు సుమారు 4.35 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దాని నిరోధం 52.9 ఓమ్‌లు. సరఫరా 200 వోల్టులకు పడిపోతే సామర్థ్యం 200 × 200 ÷ 52.9, అనగా సుమారు 756 వాట్లు అవుతుంది. వోల్టేజి తగ్గినది 13 శాతమే అయినా సామర్థ్యం 24 శాతం తగ్గింది. నీళ్ళు కాగడానికి ఎక్కువ సేపు పట్టడానికి కారణం ఇదే. హీటరు తీగ నిరోధం ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు కనుక ఈ లెక్క దానికి వర్తిస్తుంది.

బల్బు నిరోధం

60 వాట్ల, 230 వోల్టుల టంగ్‌స్టన్ తీగ బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 882 ఓమ్‌లు. ఆర్పి, చల్లారిన తరువాత మల్టీమీటరుతో కొలిస్తే అందులో సుమారు పదవ వంతు గాని, అంతకంటే తక్కువ గాని కనబడుతుంది. మీటరులో లోపం లేదు. లోహం వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది. అందుచేత చల్లని బల్బు నిరోధంతో వెలిగే బల్బు సామర్థ్యాన్ని లెక్కకట్టరాదు.

మోటార్లు

ఏకాంతర విద్యుత్తుతో నడిచే మోటారుకు పై సూత్రాలు నేరుగా వర్తించవు. 230 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకునే సింగిల్ ఫేజ్ మోటారులో వోల్టేజి, కరెంటుల లబ్ధం 1150. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే అసలు సామర్థ్యం 920 వాట్లే. అలాగే 230ని 5తో భాగించగా వచ్చే 46 ఓమ్‌లు మోటారు చుట్టల నిరోధం కాదు, దానిని అవరోధం అంటారు.

హీటరులో వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది. భారం మోస్తున్న మోటారులో సాధారణంగా అందుకు భిన్నంగా జరుగుతుంది. అదే పనిని చేయడానికి మోటారు మరింత కరెంటు తీసుకుంటుంది. కరెంటు 20 శాతం పెరిగితే చుట్టలలో పుట్టే వేడి 44 శాతం పెరుగుతుంది. లో వోల్టేజి ఉన్నప్పుడు వ్యవసాయ పంపుసెట్ల మోటార్లు కాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

తీగలలో వేడి

సరఫరా తీగలకు కూడా కొంత నిరోధం ఉంటుంది. ఒక పొడవాటి సన్నని తీగ నిరోధం 0.5 ఓమ్ అనుకుంటే, 5 ఆంపియర్ల వద్ద అందులో 12.5 వాట్ల వేడి పుడుతుంది. 10 ఆంపియర్ల వద్ద అది 50 వాట్లు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. వదులుగా ఉన్న అతుకులో నిరోధమంతా ఒకే చోట ఉండటం వలన అక్కడ వేడి కేంద్రీకృతమై నిప్పు అంటుకునే ప్రమాదముంది. అందువలన హీటరు, ఇస్త్రీపెట్టె వంటి వాటికి తగినంత మందం గల తీగలు, సరైన ఫ్యూజులు వాడాలి.

ఇవి కూడా చూడండి

* ఓమ్ నియమం
* విశిష్ట నిరోధం
* ఏకాంతర విద్యుత్తు