తొలి తెలుగు అచ్చు పుట్టిన ఊరు – హాలే

ముప్ఫయి యేళ్ల పైచిలుకు ఉపాధ్యాయ వృత్తిలో పిల్లలకు నేను చెప్పిన తప్పులు కొన్ని ఉండకపోవు. వాటిలో ఒకదానిని దిద్దుకొనడానికి నిరుడు వేసవిలో జర్మనీ దేశంలో ఒంటరిగా రైలెక్కవలసి వచ్చింది. మిత్రులారా, ఈ టపా ఆ ఒక్కరోజు ప్రయాణాన్ని గూర్చి.

పదవ తరగతిలో తెలుగు గద్య వికాసం చెప్పేటప్పుడు, మన అచ్చు చరిత్ర శ్రీరాంపురం మిషనరీలతో మొదలయిందని, 1814లో విలియం కేరీ ప్రకటించిన తెలుగు వ్యాకరణాన్ని ఉదాహరించి, అక్కడినుండి నేరుగా బ్రౌను దొరగారి వద్దకు వెళ్లిపోయేవాణ్ణి. ఒక సంవత్సరం వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "అంతకు ముందు ఏమీ లేదా మాస్టారూ?" అని అడిగాడు. "లేదు, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. పదవీ విరమణానంతరం తీరికగా చదువుకొంటూ ఉండగా తెలిసింది, ఉన్నదని. అదీ మద్రాసులో కాదు, కలకత్తా దాపున కాదు. జర్మనీలో, హాలే అనే పట్టణంలో, 1746లో! బ్రౌనుగారు పుట్టడానికి యాభై రెండేళ్ల ముందు.

బెర్లినులో మా అబ్బాయి ఇంట ఉన్న రోజులవి. "ఒక్కరే ఎలా వెళ్తారు నాన్నా, శనివారం నేను తీసుకువెళ్తాను కదా" అన్నాడు వాడు. చూడబోయేది నా పాత పాఠాన్ని, దానికి తోడెందుకు అనిపించింది. పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసా, దారి అడగడానికి వాడు రాసిచ్చిన జర్మను చీటీ సంచిలో వేసుకొని బయలుదేరాను. గంటా పావులో చేర్చే రైలు. నడుమ విటెన్‌బర్గు వద్ద ఎల్బ నది దాటాము. మార్టిన్ లూథరు 1517లో తన వాదాంశాలను ప్రకటించిన ఊరది.

హాలే ఉప్పు మీద బ్రతికిన ఊరు. సాలె నది ఒడ్డున ఉప్పునీటి ఊటలుండేవి. ఆ నీటిని కాచి ఉప్పు తీసేవారికి ప్రత్యేకంగా ఒక సంఘం, ఆచారాలు, వేషధారణ ఉండేవి. స్టేషను నుండి నడిచి అంగడి చౌకుకు చేరితే, చర్చి గోపురాలు నాలుగు, ఎదురుగా విడిగా నిలిచిన ఎర్రబురుజు ఒకటి, వెరసి అయిదు శిఖరాలు కనబడతాయి. ఆ చర్చిలోనే సంగీత విద్వాంసుడు హాండెల్‌కు 1685లో జ్ఞానస్నానం జరిగింది. 1546లో లూథరు భౌతికకాయాన్ని స్వగ్రామం నుండి విటెన్‌బర్గుకు తరలిస్తూ ఒక రాత్రి ఉంచినది కూడా అక్కడే. చౌకు నడుమ హాండెల్ విగ్రహానికి ఒక నమస్కారం పెట్టి నా పనిమీద సాగాను.

నేను చూడదలచినది ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె స్థాపించిన విద్యాసంస్థల ఆవరణ. 1695లో దానపు పెట్టెలో కనబడిన కొద్దిపాటి సొమ్ముతో పేదపిల్లలకు బడి పెట్టిన మతాచార్యుడాయన. 1698లో అనాథాలయ భవనానికి పునాది పడింది. 1727లో ఆయన పోయేనాటికి రెండువేల మందికి పైగా అక్కడ చదువుకొంటున్నారు. భవన శిఖరాన సూర్యుని వైపు ఎగిరే గ్రద్దలు రెండు. వెనుక పొడవాటి వీధిలా సాగిన కొయ్యచట్రాల మేడలు. ఇదంతా తూర్పు జర్మనీ కాలంలో శిథిలమై, 1990 తరువాత పునరుద్ధరణ పొందింది.

ఈ బడి నుండి తరంగంబాడికి ఒక దారి పడింది. డెన్మార్కు రాజు పంపగా 1706లో అక్కడ దిగిన త్సీగెన్‌బాల్గు ఈ ఆచార్యుని శిష్యుడే. ఆయన కోసం హాలేలో పోతపోసిన తమిళ అక్షరాలు 1713లో తరంగంబాడి చేరాయి. 1719లో వచ్చినవాడు బెంజమిన్ షుల్జ్. తరువాత మద్రాసుకు మారి, అక్కడ ఆంగ్లేయులు "జెంటూ" అని పిలిచే మన భాషను నేర్చుకొని, బైబిలును తెనిగించాడు. 1743లో స్వదేశానికి మరలి, హాలేలో తెలుగు అక్షరాలతో చిన్న చిన్న మతగ్రంథాలను అచ్చు వేయించాడు. వాటిలో 1746 నాటి ప్రశ్నోత్తరాల పుస్తకం ఒకటి. 1760లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన చేసిన బైబిలు అనువాదం మాత్రం అచ్చుకు నోచుకోలేదు.

అనాథాలయం అటక మీద పాతకాలపు వింతవస్తువుల గది ఉంది. రంగులు వేసిన బీరువాల నడుమ మొసలి వేలాడుతూ ఉంటుంది. ఒక బీరువాలో లోకంలోని లిపుల నమూనాలు, వాటిలో మన దక్షిణదేశపు తాటాకులు. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. పిమ్మట 1728లో కట్టిన గ్రంథాలయానికి వెళ్లాను. నాటకరంగం మీది తెరల వలె ఇరువైపులా వరుసలు తీరిన పుస్తకాల అరలు. షుల్జ్ పుస్తకాన్ని చూడాలంటే ముందుగా అనుమతి అడగవలసింది. నేను అడగలేదు. తప్పు నాదే.

చూడని పుస్తకం కంటే చూడని మనిషి ఎక్కువ బాధించాడు. నలభై యేళ్లకు చేరువైన ఒక పరదేశి తెలుగు నేర్చాడంటే, ఎదుట కూర్చొని ఒత్తులు, దీర్ఘాలు పలికించి, తప్పులు దిద్దిన తెలుగువాడొకడు ఉండి తీరాలి. షుల్జ్ పేరు చరిత్రకెక్కింది. ఆ గురువు పేరు నేను చదివిన చోట ఎక్కడా కనబడలేదు. అదే వృత్తిలో నెరసిన వాణ్ణి కనుక నాకది గుచ్చుకొంది.

మధ్యాహ్నం చెట్టు కింద పులిహోర తింటూ మరొకటి ఆలోచించాను. తమిళానికి తరంగంబాడిలోనే ముద్రణాలయం, అక్షరాల పోతపని, కాగితపు మిల్లు అమరాయి. కనుక అది అక్కడ వేళ్లు తన్నుకొంది. తెలుగు అచ్చు మాత్రం తెలుగువారికి వేల మైళ్ల దూరంలో పుట్టింది. దానిని చదివేవారు, సరిదిద్దేవారు, కొనసాగించేవారు దాపున లేరు. 1746కూ, కేరీ వ్యాకరణం వెలువడిన 1814కూ నడుమ అరవై ఎనిమిదేళ్లు. హాలే మొలకకూ శ్రీరాంపురపు పంటకూ తల్లీబిడ్డల సంబంధం లేదు. తొలిది వేరు, మొదలు వేరు. ఆనాడు తరగతిలో నేను చెప్పవలసిన మాట ఇది.

సాయంకాలపు బండికి తిరిగి వచ్చాను. "ఏం చూశారు నాన్నా?" అంటే, "ఒక బీరువా, ఒక అటక" అన్నాను. ఆ కుర్రవాడికిప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. ఎప్పుడైనా ఈ టపా వాడి కంటపడితే, ఇదిగో ఆలస్యంగా అందిన జవాబు: ఉన్నది నాయనా, ఉన్నది. కాని తెగిపోయింది. నువ్వు లేచి అడిగినందుకు సంతోషం. నిన్ను కూర్చోబెట్టినందుకు విచారిస్తున్నాను.