కాపురం సూరత్‌లో, బిడ్డ సొంతూరులో: విడాకులు, సంరక్షణ, మనోవర్తి కేసులు ఎక్కడ వేయాలి?

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలపై ఆధారపడి జీవిస్తున్నవారిలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అనేకం ఉన్నాయి. వీరి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నిర్వహిస్తోంది. ఇటువంటి కుటుంబంలో దంపతుల మధ్య పొసగక విడిపోతే భర్త పని ఉన్న సూరత్‌లోనే ఉండిపోవడం, భార్య పిల్లలను వెంటబెట్టుకుని పుట్టింటికి చేరడం సహజంగా జరిగే విషయం. అప్పుడు తప్పు ఎవరిదన్న చర్చ కంటే ముందుగా తేలవలసింది ఒకటుంది. కేసు సూరత్‌లో నడుస్తుందా, సొంత జిల్లాలో నడుస్తుందా?

విడాకులు, పిల్లల సంరక్షణ, మనోవర్తి అన్నీ ఒకే కేసు అని చాలామంది భావిస్తారు. చట్టం మాత్రం వీటిని మూడు వేర్వేరు అంశాలుగా చూస్తుంది. ఒక్కొక్కదానికి న్యాయస్థానం పరిధి ఒక్కొక్క విధంగా నిర్ణయమవుతుంది.

విడాకుల విషయంలో హిందూ వివాహ చట్టం, 1955లోని 19వ సెక్షన్ వర్తిస్తుంది. వివాహం జరిగిన చోట, ప్రతివాది నివసిస్తున్న చోట, దంపతులు చివరిసారిగా కలిసి కాపురం చేసిన చోట కేసు వేయవచ్చు. 2003లో చేసిన సవరణతో భార్య తాను ప్రస్తుతం నివసిస్తున్న చోటనే పిటిషన్ వేసే అవకాశం కూడా లభించింది. సిరిసిల్లలో పెళ్లి జరిగి సూరత్‌లో కాపురం చేసిన మహిళ పుట్టిల్లు జగిత్యాలలో ఉంటే, ఈ మూడు ప్రాంతాలలో ఏదైనా ఎంచుకునే హక్కు ఆమెకు ఉంటుంది. భర్త ముందుగా సూరత్‌లో కేసు వేసినట్లయితే, దానిని తెలంగాణకు బదిలీ చేయాలని ఆమె కోరవచ్చు. రెండు రాష్ట్రాల మధ్య సివిల్ కేసును బదిలీ చేసే అధికారం సుప్రీంకోర్టుకే ఉంది.

స్టాంపు కాగితంతో విడాకులు రావు

కులపెద్దల సమక్షంలో స్టాంపు కాగితంపై సంతకాలు చేసి విడిపోవడం నేటికీ కనిపిస్తుంది. పెద్దమనుషుల పంచాయితీ రాజీకి ఉపయోగపడవచ్చు, కానీ ఆ కాగితానికి డిక్రీ విలువ లేదు. ఆచారబద్ధమైన విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ గుర్తిస్తున్న మాట వాస్తవమే. అయితే అటువంటి ఆచారం తమ వర్గంలో ప్రాచీన కాలం నుంచి నిరంతరాయంగా ఉన్నదని, అది ఉందని వాదించేవారే రుజువు చేయాలి. ఇది సులభమైన పని కాదు. ఆ రుజువు లేకుండా రెండో పెళ్లి చేసుకుంటే ఆ వివాహం చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఇద్దరికీ సమ్మతమైతే 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులు పొందవచ్చు. ఇందుకు కనీసం ఏడాదిగా వేరుగా ఉంటూ ఉండాలి. పిటిషన్ వేసిన తర్వాత మరో ఆరు నెలలు ఆగి రెండోసారి న్యాయస్థానాన్ని కోరాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై, మనోవర్తి, సంరక్షణ వంటి అంశాలు పరిష్కారమైన సందర్భాలలో ఈ ఆరు నెలల గడువును న్యాయస్థానం మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరు 12న తీర్పు చెప్పింది. డిక్రీ వచ్చేలోగా ఎవరైనా తమ అంగీకారాన్ని ఉపసంహరించుకోవచ్చు. కాబట్టి ముందుగానే మొత్తం సొమ్ము చేతులు మారడం ఇరుపక్షాలకూ మంచిది కాదు. ఒకరు అంగీకరించనప్పుడు క్రూరత్వం, రెండేళ్లుగా విడిచిపెట్టడం, వివాహేతర సంబంధం వంటి కారణాలను రుజువు చేయవలసి ఉంటుంది.

బిడ్డ ఎవరి దగ్గర?

విడాకుల కేసు నడుస్తూ ఉంటే అదే న్యాయస్థానంలో 26వ సెక్షన్ కింద పిల్లల సంరక్షణను కోరవచ్చు. అలా కాక సంరక్షణ కోసమే విడిగా పిటిషన్ వేస్తే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం బిడ్డ సాధారణంగా నివసించే ప్రాంతంలోనే వేయాలి. వివాదం ఎక్కువగా ఈ ‘సాధారణంగా’ అన్న మాట దగ్గరే వస్తుంది. లింబాయత్‌లోని బడిలో నాలుగో తరగతి చదువుతున్న బాలుణ్ణి ఒక రాత్రి రైలెక్కించి ఊరికి తీసుకుపోయినంత మాత్రాన అతని నివాసం మారిపోయినట్లు కాదు. అదే బాలుడు ఊరి బడిలో చేరి రెండేళ్లు గడిస్తే పరిస్థితి వేరు. బడి రికార్డులు, ఆధార్ చిరునామా, టీకాల కార్డు వంటివి ఇక్కడ సాక్ష్యంగా పనికివస్తాయి.

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956 తండ్రిని సహజ సంరక్షకుడిగా, ఆయన తర్వాత తల్లిని పేర్కొంది. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1999లో ఈ ‘తర్వాత’ అన్న పదానికి ‘తండ్రి మరణానంతరం’ అని మాత్రమే అర్థం కాదని, తండ్రి బాధ్యత వహించని సందర్భాలకూ అది వర్తిస్తుందని స్పష్టం చేసింది. ఐదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని ఇదే చట్టం చెబుతోంది. ఐదేళ్లు నిండగానే బిడ్డ తండ్రికి చెందుతుందన్న ప్రచారం మాత్రం నిజం కాదు. ఏ వయసులోనైనా బిడ్డ సంక్షేమమే ప్రధానం. తన ఇష్టాన్ని తెలివిగా చెప్పగల వయసున్న పిల్లల అభిప్రాయాన్ని కూడా న్యాయమూర్తి పరిగణనలోకి తీసుకోవచ్చు. సంరక్షణ దక్కని తల్లి లేదా తండ్రికి బిడ్డను చూసే అవకాశం, దూరప్రాంతమైతే వీడియో కాల్‌లో మాట్లాడే అవకాశం న్యాయస్థానం కల్పించవచ్చు. పరిస్థితులు మారితే ఈ ఉత్తర్వులనూ మార్చుకోవచ్చు.

మనోవర్తి బిడ్డ హక్కు

‘బిడ్డను చూడనివ్వడం లేదు, డబ్బు ఎందుకు పంపాలి?’ అన్నది తరచుగా వినిపించే వాదన. ఈ రెండింటికీ చట్టంలో ముడి లేదు. బిడ్డను చూపడం లేదని మనోవర్తి ఆపకూడదు. మనోవర్తి రాలేదని బిడ్డను దాచకూడదు. రాజీ పత్రంలో తల్లి ‘ఇక ఏమీ అడగను’ అని రాసి ఇచ్చినా, బిడ్డ తరఫున మనోవర్తి కోరే హక్కు పోదు.

2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ అమలులోకి వచ్చింది. దీని కింద భర్త ఉన్న చోట గాని, భార్య నివసించే చోట గాని కేసు వేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం లేని చోట మొదటి తరగతి మేజిస్ట్రేటు విచారిస్తారు. ఈ సెక్షన్ అన్ని మతాల వారికీ వర్తిస్తుంది. విడాకులు పొందిన ముస్లిం మహిళలు కూడా పాత 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చని, తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2024 జూలై 10న తీర్పునిచ్చింది.

ఎంత ఇవ్వాలన్నదానికి చట్టంలో లెక్క లేదు. 2017లో ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం సమంజసమని సుప్రీంకోర్టు అన్నది, కానీ అది అన్ని కేసులకూ సూత్రం కాదు. మరమగ్గంపై మీటరు లెక్కన కూలి తీసుకునే వ్యక్తికి జీతం చీటీ ఉండదు. అందుకే 2020 నవంబరు 4 నాటి తీర్పు కీలకమైనది. దాని ప్రకారం ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలను ప్రమాణపత్రంలో వెల్లడించాలి. మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుంచే లెక్కగట్టాలి. ఆరోగ్యవంతుడైన భర్త పని లేదని చెప్పి తప్పించుకోలేడని 2022లో సుప్రీంకోర్టు మరో కేసులో పేర్కొంది.

ఊరిలో వచ్చిన ఉత్తర్వును భర్త ఉన్న సూరత్‌లోని మేజిస్ట్రేటు ద్వారా కూడా అమలు చేయించుకోవచ్చు. చెల్లించకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలుశిక్ష పడవచ్చు. జైలుకు వెళ్లినా బకాయి రద్దు కాదు. అయితే బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు చేయాలి. ఈ గడువు దాటిపోయి నష్టపోయేవారున్నారు.

గుజరాత్‌లోని కింది న్యాయస్థానాల భాష గుజరాతీ. తెలుగులో ఉన్న రాజీ పత్రాలు, ఉత్తరాలు అనువాదంతో సహా దాఖలు చేయవలసి ఉంటుంది. అర్థం కాని కాగితంపై సంతకం చేయరాదు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇందుకు సూరత్‌లో గాని సొంత జిల్లాలో గాని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. జాతీయ న్యాయ సహాయ నంబరు 15100. హింస ఎదురైతే మహిళా సహాయ నంబరు 181కు ఫోన్ చేయవచ్చు.