పెరటి మామిడికి ఏ అంట్లు కట్టాలి?

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మొదలైంది గొడవ. మా ఇల్లు విశాఖలో గాజువాక దాటాక, ఉక్కు ఫ్యాక్టరీ వైపు ఓ కాలనీలో ఉంది. పెరట్లో మామిడి చెట్టు. మా అమ్మకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది, నాకంటే చాలా పెద్దది. కాయ చిన్నది, పీచు ఎక్కువ, పండినా తీపికన్నా పులుపే ముందు తగులుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో చెట్లన్నిటితో పాటు ఇదీ సగం విరిగి ప్రహరీ మీద పడింది. మిగతా సగం ఎలాగో నిలబడి, మళ్ళీ చిగురేసి, మళ్ళీ అదే పుల్లటి కాయ కాయడం మొదలెట్టింది.

"కొట్టేసి బంగినపల్లి అంటుమొక్క పాతుదాం" అన్నారు నాన్న. అది మా తాతయ్య (అమ్మ వాళ్ళ నాన్న) పాతిన చెట్టు. నాన్న ఇల్లరికపు అల్లుడు. కాబట్టి ఆ మాట ఆయన కొంచెం మెల్లిగానే అన్నారు :) అమ్మ మాత్రం గట్టిగానే జవాబిచ్చింది. మధ్యలో నేను దూరి, "మొదలు ఉంచేసి కొమ్మలు మాత్రం మారుద్దాం, నాలుగైదు రకాలు అంటు కట్టిద్దాం" అని రాజీ కుదిర్చాను. నర్సరీ ఆయన్ని పిలిచి చెప్తే నవ్వాడు. "ఏటి బాబూ, ఒక చెట్టు మీద సంత పెట్టేస్తావేటి?"

సరే, ఏ రకాలు పెట్టాలి? మనవాళ్ళ అలవాటు ప్రకారం ఎక్సెల్ షీటు తెరిచాను. రకం, కాపు నెల, తీపి, పీచు, ఏటేటా కాస్తుందా లేదా... ఇలా కాలమ్స్ వేసుకుంటూ చదవడం మొదలెడితే షీటు పక్కకి పోయి చరిత్ర మొదలైంది.

మొదట తెలుసుకోవాల్సింది ఏంటంటే, బంగినపల్లి పండు తిని టెంక పాతితే బంగినపల్లి రాదు. మన వైపు రకాల్లో టెంకకి ఒకటే పిండం. అందులో తల్లి వాటా సగం, తండ్రి వాటా సగం. ఆ తండ్రి ఎవరో పూత మీద వాలిన ఈగకే తెలియాలి. (కేరళ, కొంకణం వైపు ఒలూర్, కురుక్కన్ లాంటి రకాలు వేరు. వాటి టెంకలో ఒకటికి మించి పిండాలుంటాయి, తల్లికి నకళ్ళు కూడా మొలుస్తాయి.) అంటే మనం బంగినపల్లి అంటున్నది ఒక జాతి కాదు, ఒకానొక చెట్టు. ఎప్పుడో ఎవరో ఒక చెట్టు పండు తిని "ఇది బావుంది" అనుకున్నారు. అక్కణ్ణుంచి కొమ్మకి కొమ్మ కాపీ అవుతూ వచ్చింది. మీ ఊళ్ళో బంగినపల్లి, మా ఊళ్ళో బంగినపల్లి రెండూ ఆ ఒక్క చెట్టు కొమ్మలే. టెంక మొక్క మాత్రం ఎవరూ టెస్ట్ చెయ్యని కొత్త కోడు.

మరి అంటు కట్టడం ఎప్పట్నుంచి? ఆ విద్య మనకి ముందే తెలుసా లేదా అన్నది పండితుల వాదన. మామిడిలో దాన్ని పద్ధతిగా వాడకంలోకి తెచ్చినవాళ్ళు మాత్రం 16వ శతాబ్దంలో గోవాలో ఉన్న పోర్చుగీసు వాళ్ళని చెప్తారు. ఆల్ఫాన్సో పేరు అఫోన్సో డి అల్బుకర్క్‌దే. ఆయన 1510లో గోవాని పట్టుకున్న సైన్యాధిపతి. ఆ తర్వాత ఆ పద్ధతి రాజుల తోటల్లోకి, జమీందారుల తోటల్లోకి పాకింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పాతకాలంలో మామిడికి కట్టింది దగ్గర అంటు. కుండీలో టెంక మొక్కని పెంచి, దాన్ని తల్లిచెట్టు దగ్గరికి మోసుకెళ్ళి, మంచె కట్టి కొమ్మ ఎత్తున నిలబెట్టి, రెండిటి కాండాలూ కొంచెం చెక్కి కలిపి కట్టేవాళ్ళు. రెండూ అతుక్కునేదాకా నెలలు ఆగాలి. అప్పటిదాకా కొమ్మ తల్లిచెట్టు మీదే ఉంటుంది. అంటే తోట యజమాని అనుమతి లేకుండా రకం గడప దాటదు. లక్నో దగ్గర దశేరి గ్రామంలో ఉన్న దశేరి తల్లిచెట్టు గురించి ఓ కథ చెప్పుకుంటారు. నవాబుగారు పండ్లు కానుకగా పంపేటప్పుడు ఎవరూ మొలకెత్తించకుండా టెంకకి చిల్లు పెట్టించేవారట. పాపం, చిల్లు పెట్టకపోయినా దశేరి వచ్చేది కాదు. ఆయన కాపలా కాయాల్సింది టెంకకి కాదు, కొమ్మకి.

తర్వాత వెనీర్ అంటు వచ్చింది. కొమ్మ కొయ్యబోయే వారం పది రోజుల ముందు దాని ఆకులు తుంచి తొడిమలు మాత్రం ఉంచుతారు. మొగ్గ ఉబ్బాక కోసి, తడిగుడ్డలో చుట్టి సంచీలో వేసుకుని బస్సెక్కొచ్చు. జానెడు పుల్ల చాలు. జమీందారీ తోటల గుత్తాధిపత్యాన్ని చట్టాల కన్నా ఈ తడిగుడ్డే ఎక్కువ పగలగొట్టిందని నా అనుమానం.

ఇప్పుడు మన షీటులోకి వద్దాం.

బంగినపల్లి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. రకానికి ఇంకో పేరు బేనిషాన్, అంటే మచ్చ లేనిది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాన్న ఓటు దీనికే, కాదనలేం.

నా ఓటు సువర్ణరేఖకి. ఇది మన విశాఖ జిల్లా రకం, సుందరి అని కూడా అంటారు. పసుపు మీద ఎర్రటి జీర, చూడగానే చెయ్యి అటే పోతుంది. నిజం చెప్పాలంటే రుచిలో మధ్యస్తం (విశాఖవాళ్ళు క్షమించాలి). అయినా ఇంత పేరెలా వచ్చింది? అందరికన్నా ముందు పండుతుంది, విరగకాస్తుంది. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా తీరం వెంట రైలు దారి వేశారు. ఇంకొన్నేళ్ళకి కలకత్తా దాకా కలిసిపోయింది. ఉత్తరాదిలో కాయ ఇంకా పచ్చిగా ఉండగానే ఎర్రటి పండు అక్కడికి చేరితే బేరం ఎవరిది? నా లెక్క ప్రకారం సువర్ణరేఖని గెలిపించింది నాలుక కాదు, క్యాలెండరూ రైలూ.

రసాలు వద్దనుకున్నాను. చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం... ఇష్టమే గానీ పీచూ రసమూ ఉన్న చెట్టు మనకి ఆల్రెడీ ఉంది కదా. నీలం పెట్టాలి. ఆలస్యంగా కాస్తుంది, ఏటేటా కాస్తుంది. బంగినపల్లి అలిగి కాపు తగ్గించిన ఏడాది కూడా ఇల్లు ఖాళీగా ఉండదు. కలెక్టర్ (చిత్తూరు వాళ్ళ తోతాపురి) కూడా ఏటా కాసేదే, కానీ ఆ రుచికి పెరట్లో చోటివ్వడం దండగని తీసేశాను.

ఇంకోటి, స్వర్ణ జహంగీర్. రైల్వే కోడూరు పరిశోధన కేంద్రంలో మన చిన్న సువర్ణరేఖనీ జహంగీర్‌నీ సంకరం చేస్తే వచ్చింది. తల్లీ బిడ్డా ఒకే చెట్టు మీద ఉంటే సరదాగా ఉంటుందని రాసుకున్నాను గానీ పుల్ల దొరకలేదు. నాయక్, గంగోలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దక్షిణాది మామిళ్ళని వర్గీకరించి 1950లో మద్రాసు నుంచి ఓ పెద్ద గ్రంథం వేశారు. అందులో వందల పేర్లున్నాయి. ఈ రోజు రైతుబజారుకెళ్తే ఎన్ని పేర్లు వినిపిస్తాయో మీరే లెక్కపెట్టండి. నాకైతే రెండు చేతుల వేళ్ళు దాటలేదు.

అమెరికాలో ఉన్న మిత్రులకి ఓ చిన్న పిట్టకథ. అక్కడ దుకాణాల్లో దొరికే, మనవాళ్ళంతా తిట్టుకుంటూ తినే టామీ అట్కిన్స్ మన మనవరాలే. 1889లో ఇండియా నుంచి ముల్‌గోబా పేరుతో కొన్ని అంటుమొక్కలు ఫ్లోరిడా వెళ్ళాయి. 1894-95 చలికి అన్నీ చచ్చిపోగా ఒక్కటి బతికింది. 1902లో కెప్టెన్ హేడెన్ అనే ఆయన ఆ రకం టెంకలు పాతాడు. అందులో ఒక మొక్క 1910లో కాసింది. అదే హేడెన్ మామిడి. దాని టెంకలోంచి వచ్చిందే టామీ అట్కిన్స్. ఇంత వ్యాపారానికీ మూలం ఒక పెరటి టెంక మొక్క.

సరిగ్గా ఇది చదువుతున్నప్పుడే మా చెట్టు గురించి నా ఆలోచన మారింది.

విశాఖ ఉక్కు ఉద్యమం 1966లో వచ్చింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా ఊళ్ళు, ఇరవై వేల ఎకరాల పైచిలుకు నేల తీసుకున్నారు. అందులో మా తాతయ్య వాళ్ళ ఊరొకటి. తర్వాత నాన్నకి అదే ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆ జీతంతోనే నా ఇంజనీరింగు. కాబట్టి ఇందులో నేను కూర్చుని తీర్పులివ్వడానికేం లేదు. కానీ ఊరు ఖాళీ చేసేటప్పుడు తాతయ్య సామాన్లతో పాటు ఓ డబ్బాలో టెంక మొక్క తెచ్చుకున్నాడని అమ్మ చెప్తే, అప్పటిదాకా నేనెప్పుడూ అడగనే లేదని గుర్తొచ్చింది. అక్కడి నూతి దగ్గర చెట్టు కింద మొలిచిందట. ఆ చెట్టు ఇప్పుడు లేదు, నుయ్యీ లేదు. దానికి పేరేంటని అడిగితే అమ్మ వింతగా చూసి, "పేరేటిరా? నూతికాడ చెట్టు" అంది.

అంటే నేను మంచి పని చేస్తున్నాననుకుంటూ, ప్రపంచంలో ఒకే ఒక్క కాపీ ఉన్న దాన్ని బ్యాకప్ లేకుండా ఓవర్‌రైట్ చెయ్యబోయానన్నమాట. బంగినపల్లి పోతే లక్షల చోట్ల ఉంది. ఇది పోతే ఇంకెక్కడా లేదు. పైగా లెగసీ కోడు తిట్టేవాడికి ఎప్పుడూ తెలియని సంగతి ఒకటుంటుంది, అది ఏదో ఒక పని చేస్తూ ఉంటుంది. మా ఇంట్లో ఆవకాయ ఇన్నేళ్ళూ ఆ కాయతోనే పెట్టారు. ముక్క గట్టిగా, పుల్లగా, పీచుతో ఏడాది చివర్లో కూడా మెత్తబడకుండా ఉండేది దాని వల్లే. పండు తిని మార్కులేసిన నేను పచ్చికాయ కాలమే షీటులో పెట్టలేదు.

మలిహాబాద్‌లో కలీముల్లా ఖాన్ గారని ఉన్నారు. ఒకే చెట్టు మీద 300కు పైగా రకాలు అంటు కట్టారు. 2008లో పద్మశ్రీ ఇచ్చారు. మాకంత ఓపిక లేదు. ఇంకో లాభం కూడా ఉంది లెండి. మామిడిలో చాలా రకాలు తమ పుప్పొడితో తామే సరిగ్గా కాయవు. పక్కన వేరే రకం పూస్తే కాపు నయం. కాకపోతే ఏపుగా పెరిగే కొమ్మ మిగతావాటిని మింగెయ్యకుండా ఏటా కత్తిరించుకోవాలి.

చివరికి ఇలా చేశాం. తూర్పు వైపు పెద్ద కొమ్మ, హుద్‌హుద్‌కి కూడా విరగనిది, ముట్టుకోలేదు. మిగతా కొమ్మలు సంక్రాంతి వెళ్ళాక నరికించాం. వేసవిలో వాటికి కొత్త చిగుళ్ళొచ్చాయి. ఆషాఢం వానల్లో రెండు బంగినపల్లి, రెండు సువర్ణరేఖ, రెండు నీలం కట్టాడు నర్సరీ ఆయన. తర్వాత నేను అడిగితే, నూతికాడ చెట్టు పుల్లలు కూడా మూడు కోసి, తన దగ్గరున్న టెంక మొక్కలకి కట్టాడు. "ఈ పుల్ల కాయకి అంటేటి బాబూ" అని డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు కూడా.

ఆరింటిలో నాలుగు పట్టాయి, నీలం రెండూ ఎండిపోయాయి. కుండీల్లోవి మూడింటిలో రెండు బతికాయి. ఒకటి విజయనగరంలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళింది. రెండోది ఎక్కడ పాతాలో ఇంకా తేలలేదు, మాది హైదరాబాదులో నాలుగో అంతస్తు. మొదటి ఏడాది అంటు మీద వచ్చిన పూత తుంచెయ్యమన్నాడు నర్సరీ ఆయన. అమ్మకి ఫోన్లో నాలుగుసార్లు చెప్పాను. "ఊఁ" అంటోంది గానీ తుంచేలా లేదు.